గయ పుస్తకంలోని పేజీ

శ్రీలక్ష్మి ఏడవలేదన్న సంగతి మూడో రోజుకల్లా వాళ్ళుండే మోవా పేట దాటి రైల్వే కాలనీ దాకా పాకింది. మొగుడు పోయిన ఆడది ఎంత ఏడవాలో కొలతలు తెలిసిన మనుషులు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. రాయ్‌పూర్‌లో తెలుగువాళ్ళు తక్కువ కదా, అలాంటివాళ్ళూ తక్కువే ఉంటారనుకుంటే పొరపాటు. ఉన్న కాస్తమందీ వాళ్ళే. ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చునేవారు. చెయ్యి పట్టుకునేవారు. కళ్ళు పొడిగా ఉన్నాయని రూఢి చేసుకున్నాక లేచి వంటింట్లోకి వెళ్ళి గుసగుసలాడుకునేవారు.

ఏడుపు రాకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. రాలేదు, అంతే. ఉమేష్ ఉర్లాలో ఒక ఇనుప ఫ్యాక్టరీ కాంటా గదిలో, లారీలకు తూకం చీటీలు రాసే కుర్చీలోనే పోయాడు. గుమాస్తా నిద్రపోతున్నాడనుకుని బయట లారీ డ్రైవరు పావుగంటసేపు హారన్ కొడుతూ కూర్చున్నాడట. ఆ మాట ఫోన్లో విన్నప్పుడు శ్రీలక్ష్మి పొయ్యి మీది పప్పు దించి, గ్యాసు కట్టేసి, "సరే" అంది. అప్పట్నుంచీ ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. పళ్ళ డాక్టరు సూది పొడిచాక బుగ్గ తడుముకుంటే ఎవరి బుగ్గనో తడుముతున్నట్టు ఉంటుంది. ఆమెకు ఇల్లంతా అలా ఉంది.

నాలుగో రోజు పొద్దున్న పంతులుగారు వచ్చారు. కుర్రాయన, ఈ ఇంటికి కొత్త. చాప మీద కూర్చుని చిన్న పుస్తకం తెరిచి, పన్నెండో రోజు ఏం జరుగుతుందో ఓపిగ్గా చెప్పారు.

"ఆ రోజు సపిండీకరణం అండీ. పోయినాయన పేర ఒక పిండం, ఆయన తండ్రి, తాత, ముత్తాతల పేర మూడు పిండాలు పెడతాం. ఈయన పిండాన్ని తీసుకెళ్ళి ఆ మూడింట్లో కలుపుతాం. అప్పటికి గానీ ఆయన తన పెద్దల్లో చేరినట్టు కాదు. అంతవరకూ దారిలో ఉన్నట్టే. ఆ మూడు పేర్లూ చెప్పండి, రాసుకుంటాను."

కొడుకు చందు ఇరవై రెండేళ్ళవాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, చదువంతా హిందీ, ఇంగ్లీషుల్లోనే అయింది. "దాదాజీ పేరు పున్నయ్య. ఆయన ఫాదర్ పేరు..." అని ఆగి తల్లి వైపు చూశాడు. శ్రీలక్ష్మి అత్తగారి మంచం వైపు చూసింది. మంచం మీద కోటమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆ గోడనే చూస్తోంది.

ఆ పేర్లు ఉమేష్‌కు మాత్రమే తెలుసు. ఏటా తండ్రి తద్దినానికి పీట మీద కూర్చుని తనే చెప్పుకునేవాడు. పాత పంతులుగారికి తెలిసే ఉండాలి, ఆయన కరోనాలో పోయాడు.

"దొరక్కపోతే దేవుడి పేరు చెప్పి కానిచ్చే దారి ఉందండీ. కాకపోతే అన్నివిధాలా వెతికి, ఇక లాభం లేదనుకున్నప్పుడే ఆ దారి పట్టాలి" అన్నారు పంతులుగారు.

"బస్, అదే చేసేద్దాం" అన్నాడు చందు.

"వెతుకుదాం" అంది శ్రీలక్ష్మి.

అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. ఉమేష్ ఏమంత భక్తుడు కాడు. గుడికి రమ్మంటే చెప్పుల దగ్గర కాపలా ఉంటానంటాడు. ఇంట్లో ఉన్నా లేనట్టుండే మనిషి. డ్యూటీ నుంచి వచ్చి, తిని, టీవీలో వార్తలు చూసి పడుకునేవాడు. అలాంటివాడు తండ్రి తద్దినం మాత్రం ఒక్క ఏడూ తప్పలేదు. సెలవివ్వకపోతే జీతం పోగొట్టుకుని మరీ ఇంట్లో ఉండిపోయేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన మనసుపెట్టి చేసిన పని అదొక్కటే ఆమె చూసింది. అలాంటివాణ్ణి ఇప్పుడు ఎవరి దగ్గరికో తెలియకుండా, ఏదో ఒక పేరు చెప్పి సాగనంపడం ఆమెకు నచ్చలేదు. నాలుగు రోజుల్లో నచ్చకపోవడమైనా తెలిసింది అదే మొదలు.

పంతులుగారు వెళ్ళాక అత్తగారి మంచం దగ్గర కూర్చుంది.

"అత్తా, మామయ్య తండ్రి పేరేంటి?"

"నాకు తెల్దు."

"మామయ్య ఎప్పుడూ అనలేదా?"

"నాను సూడనేదు. నా పెళ్ళినాటికే పోనాడు."

"ఊరికి ఫోన్ చేసి ఎవరినైనా కనుక్కుంటే?"

"ఆ ఊరోలతో మనకేటి పనమ్మా? రాకపోకలు నేవు" అని కోటమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది.

అది నిజమే. శ్రీకాకుళం జిల్లాలో ఫలానా ఊరు మాది అనడమే గానీ, అక్కణ్ణుంచి ఒక పెళ్ళిపిలుపు రాలేదు, ఇక్కణ్ణుంచి ఒక కబురు పోలేదు. శ్రీలక్ష్మి పుట్టిల్లు అదే జిల్లా అయినా, మొగుడి ఊరు బస్సు కిటికీలోంచి కూడా చూసి ఎరగదు.

మర్నాడు దానియేలుకు ఫోన్ చేసింది. మామగారితో రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాడు, ఆయన కన్నా ఏడెనిమిదేళ్ళు చిన్న. రిటైరయ్యాక కాలనీలో ఎవరికి పింఛను కాగితం కావాలన్నా ఆయనే దిక్కు. కోటమ్మ కుటుంబ పింఛను పనీ ఆయనే చూశాడు. ఆ రోజుల్లో తీయించిన నకళ్ళు ఉన్నాయేమోనని అడిగితే, సాయంత్రానికి సర్వీసు పుస్తకం మొదటి పేజీ జిరాక్సు పట్టుకొచ్చాడు. పున్నయ్య, తండ్రి సూరయ్య. చేరిన సంవత్సరం 1956. పక్కన ఎడమ బొటనవేలి ముద్ర ఉంది.

"సూరయ్య. రెండు పేర్లు దొరికినట్టే. ఇక ముత్తాతే" అంది శ్రీలక్ష్మి.

దానియేలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కాగితంలో ఉన్నది ఇదమ్మాయ్. ఉన్నది ఉన్నట్టు తెచ్చాను" అన్నాడు. టీ తాగకుండానే లేచాడు.

పెద్దల కాగితాలు వెతకడమంటే ఏమిటో ఆమెకు అప్పుడే తెలిసింది. చెయ్యాల్సిన పని ఒకటి దొరికితే ఎదుటివాళ్ళ మొహాలు చూడక్కర్లేదు. ఏడో రోజున ఆటో ఎక్కి బస్టాండుకు, అక్కణ్ణుంచి బస్సులో అభన్‌పూర్‌కి వెళ్ళింది. కర్మ చేసేవాడు ఊరు దాటకూడదని చందు ఇంట్లోనే ఉన్నాడు. పదకొండు రోజులు గుమ్మం దాటకూడని మనిషి బస్సెక్కిందని కాలనీలో గగ్గోలు పుట్టింది. ఏడవకపోతే పోనీ, ఇదేం తిరుగుడని బుగ్గలు నొక్కుకున్నారు.

పాత పంతులుగారి కొడుకు యోగేష్‌కు అభన్‌పూర్‌లో జిరాక్సు దుకాణం ఉంది. తండ్రి పుస్తకాలు ఒక అట్టపెట్టెలో వేసి అటక మీద పెట్టాడు. శ్రీలక్ష్మిని చూసి, అడిగింది విని, నిచ్చెన వేసుకుని దించి ఇచ్చాడు. పొడుగాటి నోటుపుస్తకాలు, ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ఇంటిపేరు, గోత్రం, తిథి, మూడు తరాల పేర్లు. ఎవరి పేజీ చూసినా నిండుగా ఉంది. ఉమేష్ పేజీలో గోత్రం ఉంది, తిథి ఉంది. పేర్లు రాయాల్సిన చోట ఒకే ఒక్క వాక్యం ఉంది. "పెద్దల పేర్లు యజమాని తనలో తనే చెప్పుకుంటారు, పైకి అడగరాదు."

"ఇలా ఇంకెవరికైనా రాశారా మీ నాన్నగారు?" అని అడిగింది.

యోగేష్ నాలుగు పుస్తకాలూ తిరగేశాడు. "లేదాంటీ. అంకుల్‌కొక్కరికే."

తిరుగు బస్సులో ఆమె దాని గురించి ఏమీ ఆలోచించలేదు. ధమ్‌తరీ రోడ్డు మీద లారీలు పోతుంటే వాటినే చూస్తూ కూర్చుంది. పక్క సీటామె బిస్కెట్టు ఇస్తే తీసుకుని తినేసింది. తిన్నాక గుర్తొచ్చింది, ఈ రోజుల్లో బయటివి తినకూడదని. గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు.

ఎనిమిదో రోజున ఉమేష్ బీరువా తీసింది. అరలో కరెంటు బిల్లుల కింద, ఇన్సూరెన్సు కాగితాల కింద, ఒక కార్డు కనబడింది. గయలో పిండాలు పెట్టించే ఒక పండా పేరు, ఆయన ఇంటి గుర్తు, అడుగున ఆంధ్రా జిల్లాలవాళ్ళకు వసతి అని అచ్చు. మామగారు పోయిన మరుసటేడు, అంటే 2002లో, ఉమేష్ ఒక్కడే గయ వెళ్ళొచ్చాడు. ఆమె కూడా వెళ్ళాల్సిందే గానీ, ఏడాది పిల్లాడు చందుకు అప్పుడే ఆటలమ్మ పోసింది. గయ పండాలు తమ దగ్గరికొచ్చిన ప్రతి ఇంటివాళ్ళనీ జిల్లా, ఊరు వారీగా పెద్ద పుస్తకాల్లో రాయించుకుంటారని, తాతలనాటి చేవ్రాళ్ళు కూడా అందులో ఉంటాయని ఆమె విని ఉంది.

కార్డు మీది నంబరు పలకలేదు. చందు ఫోన్లో వెతికి ఆ పండా మనవడి నంబరు పట్టాడు. అవతల మనిషి పెద్దగా ప్రశ్నలేమీ వెయ్యలేదు. "జిల్లా బోలియే. గావ్ బోలియే. కిస్ సాల్ ఆయే థే?" అన్నాడు. జిల్లా, ఊరు, వచ్చిన సంవత్సరం చెప్తే, రేపు పొద్దున పేజీ ఫోటో పంపిస్తానన్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఫోటో వచ్చింది. చందు ఫోన్ తెచ్చి తల్లి చేతికిచ్చాడు. "తెలుగులో ఉంది మమ్మీ. నువ్వే చదువు."

పొడుగ్గా, పసుపు రంగు తిరిగిన కాగితం. పైన హిందీలో ఎవరెవరివో రాతలు. కింద నీలం బాల్‌పెన్నుతో, కుడివైపుకి వాలిన అక్షరాలు. ఆ రాత ఆమెకు తెలుసు. కిరాణా చీటీల మీద, గ్యాసు పుస్తకం మీద చూసిన రాతే.

"నేను ఉమేష్, ఉండేది రాయ్‌పూర్. మా నాన్న నూకరాజు, మా తాత బంగారయ్య, మా ముత్తాత అప్పన్న, ఈ ముగ్గురికీ పిండాలు పెట్టాను. నాన్న మిత్రుడు పున్నయ్యకు వేరే పెట్టాను. ఆయనకు ఎవరూ లేరు. భార్య శ్రీలక్ష్మి. కొడుకు చందు, ఏడాదివాడు."

ఆమె రెండుసార్లు చదివింది. మొదట వేరే ఎవరో ఉమేష్ అనుకుంది. కానీ కింద తన పేరుంది, పిల్లాడి పేరుంది. ఏ మనిషైనా తన తండ్రి పేరు తప్పు రాసుకుంటాడా? పున్నయ్య పేరు ఈ ఇంటి గుమ్మం మీది పాత రేకు పలక మీద ఉంది, కోటమ్మ పింఛను పుస్తకంలో ఉంది, తన పెళ్ళి శుభలేఖలో ఉంది. అదే పేరు ఇక్కడ మిత్రుడి వరసలో ఉంది.

"మిల్ గయా?" అన్నాడు చందు.

"దొరికాయి."

"చెప్పు, హిందీలో రాసుకుంటా."

"ఆ రోజు అక్కడ నేనే చెప్తాను" అంది.

వాణ్ణి కర్మకు కావలసిన సామాన్ల కోసం బజారుకి పంపి, కోటమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. ఫోన్ చూపించలేదు, చూపించినా ఆమె చదవలేదు. "అత్తా, నూకరాజెవరు?" అంది.

కోటమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. తొమ్మిది రోజుల్లో ఆమె ఇటు తిరగడం అదే మొదటిసారి.

"ఎవుడు సెప్పినాడు నీకు?"

"మీ అబ్బాయే. రాసి పెట్టాడు గయలో."

కోటమ్మ లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంది. తరవాత చెప్పడం మొదలుపెట్టింది, ఎప్పటి మాటో అన్నట్టు, గొంతులో ఏ ఎత్తూ పల్లం లేకుండా.

"ఇద్దురూ ఒక ఊరోల్లే. ఒక ఇంటిపేరోల్లే. పున్నయ్యా, మీ మామా. కలిసొచ్చినారు రాయ్‌పూరు, పనికి. పున్నయ్యకి రైల్లో నౌకరీ కాగజ్ వొచ్చినాది. నాలుగు రోజుల్లో సేరాల. మూడో నాడు జొరవొచ్చి పోనాడు. పెళ్ళి నేదు, పెటాకులు నేవు. తండ్రి సిన్నప్పుడే పోనాడు. ఒక్కతే తల్లి. ఆ ముసల్దొచ్చి, కొడుకుని కాల్సిన కాడే ఈయన సెయ్యి పట్టుకున్నాది. నువ్వెల్లి సేరిపో నాయనా, నాకు కొడుకుంటాడు, నీకు నౌకరీ ఉంటాదనీసినాది. అప్పుడు ఫోటోలా ఏటా? ఏలిముద్రేసినోడే పున్నయ్య."

"మరి నూకరాజు?"

"నూకరాజు సచ్చిపోనాడని ఊరికి కబురెల్లింది. ఎవుడో ఒకడు సచ్చినాడు కదా, ఆడి పేరు సెప్పాల కదా. ఈయన తండ్రి బంగారయ్య, బతికున్న కొడుక్కి పిండం పెట్టినాడమ్మా ఆ ఊర్లో. ఈడిక్కడ ఇనుం మోస్తన్నాడు, అక్కడ ఈడికి తండ్రి నీళ్ళొదుల్తన్నాడు. తరవాత బంగారయ్య పోనాడని ఎవులో సెప్పుకుంటే ఇన్నాడు. ఎల్లనేడు. సచ్చినోడెలా ఎల్తాడు?"

పున్నయ్య తల్లి ఈ ఇంట్లోనే ఉండి, ఈయన చేతుల్లోనే పోయిందట. కోటమ్మ కాళ్ళు మొక్కి అత్తా అని పిలిచింది ఆవిణ్ణే. పెళ్ళయిన రెండేళ్ళకు గానీ తనకు సంగతి తెలియలేదంది. నూకరాజు పోయే ముందు ఆస్పత్రిలో కొడుక్కి చెప్పి, తన తండ్రికి ఒక్క పిండమైనా పెట్టమని అడిగాడట. అందుకే ఉమేష్ గయ వెళ్ళాడు. అందుకే ఏటా తద్దినానికి పేర్లు పెదాల్లోనే చెప్పుకునేవాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది శ్రీలక్ష్మి.

"నన్నడిగితే ఏటి సెప్పేది. అది ఆణ్ణడగాల."

కోపం వచ్చింది శ్రీలక్ష్మికి. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఏదో ఒకటి వచ్చింది, అదీ చచ్చినవాడి మీద కోపం. ఇరవై ఒక్క తద్దినాలకు ఈ చేతులతో వండింది. ఎవరి కోసం వండుతోందో కూడా చెప్పకుండా వండించుకున్నాడు. పక్కన పడుకుని ఒక్క రాత్రైనా నోరు విప్పలేదు. కాంటా గదిలో లారీవాళ్ళతో మాట్లాడినన్ని మాటలు తనతో మాట్లాడి ఉండడు. లేచి వెళ్ళి గిన్నెలన్నీ ఒక్కటొక్కటే సింకులో పడేసి తోమింది. చివరి గిన్నె తోమేసరికి ఆ కోపం కూడా ఆరిపోయింది, మళ్ళీ మునుపటి తిమ్మిరే మిగిలింది.

కోటమ్మ గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచొచ్చింది.

"అమ్మా, నదికాడికి రైలోలందరూ వొస్తారు. అందరి ముందరా ఆ పేరెత్తకు. పున్నయ్యనే సెప్పించు. నా బతుకంతా ఆ పేరు మీదే జరిగిపోనాది. ఇప్పుడెవుడో దొంగ పింఛనని అర్జీ పెడితే, ఈ వొయిసులో నన్నే కచేరీలో నిలబెడతారో" అని చేతులు జోడించింది. అత్తగారు తనకు చేతులు జోడించడం ఆమెకు కొత్త. తడిచేత్తోనే ఆ చేతులు దించింది.

పదో రోజు ఆడవాళ్ళు వచ్చి ఆమె గాజులు తీశారు. చుట్టూ అందరూ ఏడ్చారు. కొలతలవాళ్ళు తొంగి తొంగి చూశారు. శ్రీలక్ష్మి బోసి చేతులు ఒడిలో పెట్టుకుని ఒక్కటే ఆలోచించింది. పున్నయ్య, సూరయ్య అని చెప్తే ఎవరికీ ఇబ్బంది లేదు. ముత్తాతకు దేవుడి పేరు చెప్పేస్తే సరిపోతుంది. చందుకు తెలియదు, పంతులుగారికి తెలియదు. ఒక్క ఉమేష్ మాత్రం తనవాళ్ళు కానివాళ్ళలో కలిసిపోతాడు. బతికున్న కొడుక్కి నీళ్ళొదిలిన ఆ బంగారయ్య అక్కడ ఇంకా ఎదురుచూస్తూనే ఉంటాడు. ఇలాంటివి తను నమ్ముతుందా అని తన్ను తానే అడిగింది.

పన్నెండో రోజు మహాదేవ్ ఘాట్‌కి వెళ్ళారు. ఖారూన్ నది బాగా తగ్గి మెట్లకు దూరంగా పారుతోంది. ఆడవాళ్ళు ఎందుకని ఒకరిద్దరు సణిగినా, పేర్లు తనే చెప్పాలని శ్రీలక్ష్మి వెళ్ళింది. కోటమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. రైల్వే కాలనీ నుంచి ఏడెనిమిదిమంది ముసలివాళ్ళు వచ్చి పై మెట్ల మీద కూర్చున్నారు. దానియేలు వాళ్ళకు కాస్త ఎడంగా గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

పంతులుగారు విస్తరిలో మూడు పిండాలు ఒక వరసలో పెట్టారు. ఉమేష్ పిండం వాటికి దూరంగా, పొడుగ్గా చేసి విడిగా పడుకోబెట్టారు. తడిబట్టలతో చందు వణుకుతున్నాడు.

"పేర్లు చెప్పండమ్మా. మొదట తండ్రి పేరు, పున్నయ్య గారు కదా" అన్నారు పంతులుగారు.

శ్రీలక్ష్మి ఆ విడిగా ఉన్న పిండాన్ని చూసింది. అన్నం ముద్ద, మీద నాలుగు నువ్వులు, అంతే. అయినా ఆమెకు భయమేసింది. బడి నుంచి తీసుకొచ్చిన పిల్లాణ్ణి తెలియని ఇంటి గుమ్మంలో దింపేసి పోతున్నట్టు భయం.

"కాదు. నూకరాజు" అంది.

"పున్నయ్య అని రాసుకున్నానండీ..."

"అది కాగితాల పేరు. తండ్రి నూకరాజు. తాత బంగారయ్య. ముత్తాత అప్పన్న. పున్నయ్యకు చివర్లో వేరే పిండం పెట్టించండి, ఆయనకు ఎవరూ లేరు."

పై మెట్ల మీద మాటలు ఆగిపోయాయి. ఆమె వెనక్కి తిరగలేదు. చందు తల్లి వైపు ఒకసారి చూసి, పంతులుగారి వెంట ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటూ చెప్పాడు. పంతులుగారు దర్భతో పొడుగు పిండాన్ని మూడు ముక్కలు చేయించారు. ఒక ముక్క నూకరాజులో, ఒకటి బంగారయ్యలో, ఒకటి అప్పన్నలో కలిపించారు. చందు వేళ్ళతో అదిమి గుండ్రంగా చేశాక ఏది ఎవరిదో తెలియలేదు. పున్నయ్యకు ఒక ముద్ద పక్కన పెట్టించారు.

అంతా అయ్యాక ఆమె అర్జీల కోసం, నిలదీతల కోసం ఎదురుచూస్తూ మెట్టు మీద కూర్చుంది. కాలనీ ముసలివాళ్ళు ఒక్కొక్కరే దిగివచ్చి, నీళ్ళు తల మీద చల్లుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోతున్నారు. దానియేలు వచ్చి గొడుగు మడిచి పక్క మెట్టు మీద కూర్చున్నాడు.

"భయపడకమ్మాయ్. ఎవరూ ఏమీ అనరు. మాకందరికీ తెలిసిందే" అన్నాడు.

"అందరికీనా?"

"వర్క్‌షాపులో మాతో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశాడు మీ మామ. తెలియకుండా ఎలా ఉంటుంది?"

"అయితే నాకొక్కదానికే తెలియదన్నమాట."

దానియేలు నది వైపు చూశాడు. "నీకు చెప్తాననేవాడమ్మా ఉమేషు. ఏటా అనేవాడు. ఈసారి తద్దినం రోజు భోజనాలయ్యాక చెప్పేస్తాను మామా అనేవాడు. మర్నాడు నేనడిగితే తల అడ్డంగా ఊపేవాడు. పోయినేడు కూడా అన్నాడు."

శ్రీలక్ష్మికి వంటిల్లు కళ్ళకు కట్టింది. తద్దినం రోజు అందరూ తిని లేచాక, తను అంట్లు సర్దుకుంటుంటే, ఉమేష్ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. మామూలు రోజుల్లో వంటింటి వైపు తొంగిచూడని మనిషి, ఆ ఒక్కరోజు గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడేవాడు. పొద్దుటి నుంచి పస్తున్నాడు, పైకి అడగలేక నిలబడ్డాడు కాబోలనుకునేది. "ఇంకాస్త పెరుగన్నం పెట్టనా?" అనేది. "వద్దు" అనేవాడు. అయినా కాసేపు కదిలేవాడు కాదు. "అడ్డు లేవండి, నీళ్ళు పడతాయి" అంటే అప్పుడు వెళ్ళి పడుకునేవాడు. ఇరవై ఒక్క ఏళ్ళు, ఏటా అదే గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. ఏటా ఆమె అదే మాట అంది.

ముందు దగ్గు వస్తోందనుకుంది. నోరు తెరిస్తే దగ్గు కాదు, ఏడుపు వచ్చింది. దానియేలు లేచి పక్కకు జరిగాడు. చందు తడిబట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. శ్రీలక్ష్మి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, మెట్ల మీద మనుషులున్నారని కూడా చూసుకోకుండా, పెద్దగా ఏడ్చింది.